అమెరికా కలప కిట్‌ను అనంతపురం వేరుశనగ మిల్లుగా మలచడం ఎలా?

మోడల్ రైల్వే లోకంలో క్రాఫ్ట్స్‌మన్ కిట్ అని పిలిచే పెట్టెను తెరిస్తే అచ్చుపోసిన గోడలు, కిటికీలు అతికించుకోవడానికి సిద్ధంగా కనిపించవు. బాస్‌వుడ్ అనే మెత్తని కలప సన్నని పలకలు, రకరకాల మందాల్లో చీల్చిన కలప పుల్లలు, లేజరుతో కోసిన తలుపు చట్రాలు, తెల్లలోహంతో పోతపోసిన పీపాలు, పుల్లీలు, ఒక కొలతల పటం, అనేక పేజీల సూచనలు ఉంటాయి. 1967లో జార్జ్ సెల్లియోస్ స్థాపించిన ఫైన్ స్కేల్ మినియేచర్స్ వంటి అమెరికన్ సంస్థలు ఈ తరహా కిట్లకు పేరు తెచ్చాయి. ఆ కిట్లలో ఎక్కువ భాగం అక్కడి రంపపు మిల్లులు, దాణా మిల్లులు, చెక్క గిడ్డంగులు. గుంతకల్లు, గుత్తి, డోన్ వంటి జంక్షన్ల పరిసరాలను బల్ల మీద నిలపాలనుకునేవారికి ఆ పలకల గోడలు యథాతథంగా పనికిరావు. అయితే ఆ కిట్‌లోని కలప, కొలతల క్రమం, అందులో నేర్పే పనితనం అన్నీ మనకు పనికివస్తాయి. రెండంతస్తుల దాణా మిల్లు కిట్ ఒకటి మీ చేతిలో ఉందనుకుని, దానిని సైడింగ్ (సరుకు బండ్లు నిలిపే పక్క పట్టాలు) పక్కన నిలిచే వేరుశనగ మిల్లుగా మార్చే క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

ఒక కట్టడం ఏ ప్రాంతానిదో చూసేవారికి మొదట తెలిసేది పైకప్పు వాలును బట్టి, పునాది రాతిని బట్టి, గోడ అడుగున చేరిన మట్టి రంగును బట్టి. గోడలోని చిన్న చిన్న వివరాలను కన్ను ఆ తరువాతే వెతుకుతుంది. అందుచేత మీ శ్రమలో పెద్ద వాటాను ఈ మూడింటికి కేటాయించండి.

కొలతలు ముందు

ఈ కిట్లు ఎక్కువగా హెచ్.ఓ. స్కేలులో, అంటే 1:87 నిష్పత్తిలో వస్తాయి. ఈ స్కేలులో ఒక అడుగు 3.5 మిల్లీమీటర్లకు సమానం కనుక, అసలు కట్టడాన్ని అడుగుల్లో కొలిచి ఆ సంఖ్యను మూడున్నరతో హెచ్చవేస్తే మోడల్ కొలత మిల్లీమీటర్లలో వస్తుంది. ఏడడుగుల తలుపు 24.5 మిల్లీమీటర్లు అవుతుంది, మూడడుగుల వెడల్పు 10.5 మిల్లీమీటర్లు అవుతుంది. ఈ లెక్క నోటికి వచ్చేవరకు రంపం ముట్టుకోకండి.

పట్టాల విషయంలో ఒక రాజీ తప్పదు. హెచ్.ఓ. పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ.; అది 1435 మి.మీ. స్టాండర్డ్ గేజికి సరిపోయే కొలత. మన బ్రాడ్‌గేజి 1676 మి.మీ. కాబట్టి ఖచ్చితంగా ఉండాలంటే 19.3 మి.మీ. కావాలి. ఆ వెడల్పుతో పట్టాలు సొంతంగా వేసుకునే ఓపిక ఉన్నవారు తక్కువ. చాలామంది 16.5 పట్టాల మీదే బండ్లు నడుపుకుంటారు. పట్టాలు ఇరుకైనాయని కట్టడాన్ని కూడా కుదించడం మాత్రం సరికాదు. మనిషి బొమ్మ, తలుపు, బస్తా, లారీ అన్నీ 1:87లోనే ఉంటాయి కనుక కట్టడం కూడా అదే కొలతకు కట్టుబడి ఉండాలి.

ఇక అసలు కట్టడాన్ని చూడాలి. అనంతపురం, తాడిపత్రి, గుత్తి, ఆదోని వంటి ఊళ్లలో పాత మిల్లులను వెతికి, బయట రోడ్డు మీద నిలబడి ఓపికగా గమనించండి. లోపలికి వెళ్లాలంటే యజమానిని అడగండి. రైల్వే ఆవరణలో ఫొటోలు తీయాలంటే అధికారుల అనుమతి తీసుకోండి. ఎత్తులను టేపుతో కొలవనక్కరలేదు. నేటి ప్రామాణిక ఇటుక సున్నపు సందుతో కలిపి 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది కనుక పది వరుసలు లెక్కపెడితే ఒక మీటరు. పాత ఇటుకల మందం ఊరికో రకంగా ఉంటుంది కాబట్టి అటువంటి చోట చేతికందే ఎత్తులో ఐదారు వరుసలను కలిపి కొలిచి, సగటు తీసి, ఆ తరువాత పైకి లెక్కపెట్టండి. ఫొటో తీసేటప్పుడు ఆరడుగుల కర్రకు అడుగుకొక గుర్తు పెట్టి గోడకు ఆనించి నిలబెడితే, ఇంటికి వచ్చాక ఆ ఒక్క ఫొటో నుంచే తలుపులు, కిటికీలు, పునాది, చూరు ఎత్తులు అన్నీ రాబట్టుకోవచ్చు.

కాగితం మిల్లు

కిట్‌ను మార్చడంలో చేసే మంచి నిర్ణయాలన్నీ కలపను కోయకముందే జరగాలి. కిట్‌లోని కొలతల పటాన్ని రెండు మూడు నకళ్లు తీయించి, ఒక నకలును పాత క్యాలెండరు అట్టకు అతికించి, గోడలను కోసి, టేపుతో నిలబెట్టండి. ఆ అట్ట మిల్లును మీ లేఔట్ (పట్టాలు, దృశ్యం అమర్చిన బల్ల) మీద దానికి ఉద్దేశించిన చోట పెట్టి, పక్క పట్టాల మీద ఒక వ్యాగన్‌ను నిలిపి, బల్ల అంచున కూర్చుని కంటి మట్టం నుంచి చూడండి. రెండో అంతస్తు అక్కరలేదని, లేదా పొడవు మరో నాలుగంగుళాలు కావాలని అప్పుడు తెలుస్తుంది. దాణా మిల్లు కిట్లు సాధారణంగా ఇరుకుగా, ఎత్తుగా ఉంటాయి. మన మిల్లులు పొడవుగా, పొట్టిగా నేలకు అంటిపెట్టుకుని ఉంటాయి. రెండో అంతస్తు గోడలను కిందికి దించి మొదటి అంతస్తు పక్కన చేర్చితే పొడవు సగం పైగా పెరుగుతుంది. ఈ ఒక్క మార్పుతోనే కట్టడం రూపురేఖలు మన వైపుకు తిరుగుతాయి.

పైకప్పు వాలును కూడా ఈ దశలోనే తేల్చుకోవాలి. మంచు జారిపోవడం కోసం అక్కడి కట్టడాలకు చాలాచోట్ల 45 డిగ్రీల వరకు నిటారు వాలు పెడతారు. ఏడాదికి సుమారు 550 మి.మీ. వాన మాత్రమే పడే అనంతపురంలో రేకుల కప్పుకు మూడుకు ఒకటి వాలు ఎంతో చాలు. ముప్పై అడుగుల వెడల్పు ఉన్న షెడ్డు మోడల్‌లో 105 మి.మీ. అవుతుంది. 45 డిగ్రీల వాలులో చూరు నుంచి నడికప్పు 52.5 మి.మీ. పైకి లేస్తుంది, మూడుకు ఒకటి వాలులో 17.5 మి.మీ. మాత్రమే లేస్తుంది. అట్ట నమూనాలో ముక్కోణపు గోడ పైభాగాన్ని ఈ లెక్క ప్రకారం కత్తిరించి, తృప్తి కలిగాకే ఆ గీతను కలప మీదికి దించండి.

పనిముట్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఉక్కు స్కేలు, సన్నని మొనగల క్రాఫ్ట్ కత్తి, దానికి సరిపడా కొత్త బ్లేడ్లు, చిన్న మూలమట్టం, పట్టకారు, 220 నుంచి 400 నంబరు వరకు సాండ్‌పేపరు, తీగల బ్రష్, బరువుకు ఇనుప దిమ్మెలు ఉంటే చాలు. కలపకు మామూలు తెల్ల ఫెవికాల్, లోహపు పోతలకు ఫెవిక్విక్ లేదా అరాల్డైట్ వాడండి. బ్లేడు మొద్దుబారిన క్షణంలోనే మార్చండి. మొద్దు బ్లేడు కలపను కోయదు, నలుపుతుంది.

రంగు తరువాత, అద్దకం ముందు

ఫెవికాల్ తగిలిన చోట కలప రంగును పీల్చుకోదు, అతుకుల దగ్గర తెల్లని మచ్చలు మిగిలిపోతాయి. కాబట్టి పుల్లలన్నింటికీ అతికించకముందే అద్దకం వేయాలి. అర లీటరు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో రెండు టీస్పూన్ల నల్లని ఇండియా ఇంకు కలిపితే ఎండకు ఎండిన పాత కలప బూడిద రంగు వస్తుంది. ఇంకా ముదురు కావాలంటే ఇంకు పెంచకుండా రెండోసారి పూయండి. నీళ్లు కలిపిన రంగుకంటే ఆల్కహాల్ అద్దకం త్వరగా ఆరుతుంది, పలకను తక్కువగా వంచుతుంది. ఆల్కహాల్ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. వంటగదిలో గాని, దీపం దగ్గర గాని ఈ పని చేయకండి, కిటికీ తెరిచి ఉంచండి.

అద్దకానికి ముందు పుల్లల మీద తీగల బ్రష్‌ను నార వెంట ఒకటి రెండుసార్లు లాగితే సన్నని గీతలు పడి, అద్దకం వాటిలో నిలిచి, దూలం వయసు కనబడుతుంది. ఎంత గట్టిగా లాగాలన్నది ఆ దూలం ఎక్కడ ఉంటుందో దాన్నిబట్టి ఉంటుంది. లోపలి ట్రస్సు (కప్పును మోసే ముక్కోణపు చట్రం) కలపకు ఎండా వానా తగలవు, దానిని నున్నగానే ఉంచాలి. బయటి ప్లాట్‌ఫారం పలకలు పగిలి, చివర్లు అరిగి ఉండాలి.

గోడలు

ఇక్కడే అసలు మలుపు ఉంది. కిట్‌లోని గోడ పలకలకు ఒకవైపున చెక్క బద్దల గీతలు చెక్కి ఉంటాయి. వెనకవైపు నున్నగా ఉంటుంది. గోడను తిప్పి నున్నని వైపును బయటికి పెడితే, అదే పలక సున్నం కొట్టిన గోడకు ఆధారం అవుతుంది. తిప్పినప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయన్న సంగతి మరువకండి. తలుపు పట్టాల వైపు రావలసిన గోడ అయితే, అట్ట నమూనాలోనే దానిని కూడా తిప్పి సరిచూసుకోండి.

కిటికీ ఖాళీలు మనకు పెద్దవి. అక్కడి కిటికీలు నిలువుగా ఐదారు అడుగులు ఉంటాయి. మన గిడ్డంగి కిటికీ మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉంటే ఎక్కువే. కాబట్టి 10.5 × 14 మి.మీ. ఖాళీ మిగిలేటట్టు అడుగున తుంపు పలకను అతికించి మూసివేయండి. పైన పూత వస్తుంది కనుక అతుకు కనబడదు. కొన్ని కిటికీలను పూర్తిగా మూసి, చూరు కింద చిన్న గాలి రంధ్రాలను తెరవండి. నిలువ చేసిన కాయకు గాలి కావాలి, ఎండ అక్కరలేదు. అసలు మిల్లు కట్టినవారు ఆలోచించినది కూడా అదే.

పూతకు ముందు గోడకు వెన్నెముక కావాలి. కలప తేమ పీల్చినప్పుడు నారకు అడ్డంగా ఉబ్బుతుంది, నార వెంట దాదాపు కదలదు. పలకలో నార అడ్డంగా సాగితే 3 మి.మీ. చదరపు పుల్లలను నిలువుగా, అంగుళంన్నర దూరానికి ఒకటి చొప్పున లోపలివైపు అతికించి, ఇనుప దిమ్మెల కింద రాత్రంతా ఉంచండి. కర్నూలు, కడప ఎండల్లో వేసవిలో 40 డిగ్రీలు దాటిన రోజున ఫెవికాల్ పైన పొరకట్టి లోపల పచ్చిగా మిగిలిపోతుంది, ఫ్యాను గాలి ఒకవైపునే తగిలితే గోడ ధనుస్సులా వంగుతుంది. ఈ పనికి తెల్లవారుజామును ఎంచుకుని ఫ్యాను ఆపండి. దిమ్మెలు తీసిన తరువాత రెండు వైపులా లక్క వార్నిష్ పల్చగా పూయండి. ఒకేవైపు పూస్తే రెండో వైపు తేమను పీల్చి, మీరు చేసిన శ్రమ అంతా వృథా అవుతుంది.

వార్నిష్ ఆరాక మెత్తని వాల్ పుట్టీలో కొద్దిగా ఫెవికాల్, నీళ్లు చేర్చి మీగడలా కలిపి, గట్టి కుంచెతో తడుతూ పూయండి. పొర అర మిల్లీమీటరుకు మించకూడదు. అసలు గోడలో అదే నాలుగు సెంటీమీటర్ల పైన అవుతుంది. సగం ఆరినప్పుడు తడి వేలితో ఒక్కసారి నిమిరి వదిలేయండి. మరీ నునుపు చేస్తే కొత్త అపార్ట్‌మెంటు గోడలా కనిపిస్తుంది. ఒకటి రెండు మూలల్లో పుట్టీని కావాలని గీకి తీసి, కింద రాతి వరుసలను సూదితో గీస్తే, పెచ్చులూడిన పాత గోడ తయారవుతుంది. అటువంటివి ఒక గోడకు ఒకటి చాలు. వాన నీరు కారే చోట, లారీ తగిలే మూల వద్ద, అంటే కారణం ఉన్న చోట మాత్రమే పెట్టండి.

సున్నం రంగు అచ్చ తెలుపు కాదు. తెలుపులో చిటికెడు పసుపుమట్టి రంగు కలిపి వేయండి. గోడ అడుగున మూడడుగుల ఎత్తు వరకు, అంటే మోడల్‌లో పది మిల్లీమీటర్ల దాకా జాజు పట్టె గీస్తే గోడ వెంటనే మన ఊరిదవుతుంది. పట్టె పై అంచును స్కేలు పెట్టి గీయకండి, చేతి పనిలా స్వల్పంగా ఎగుడుదిగుడుగా ఉండనివ్వండి.

కిట్‌లోని అద్దాల కిటికీలకు బదులు ఊచల కిటికీలు కావాలి. మామూలు ఎలక్ట్రిక్ ఫ్లెక్స్ వైరులో 0.2 మి.మీ. మందం ఉండే రాగి పోగులుంటాయి. ఒక పోగును రెండు పట్టకార్లతో రెండు చివర్లా పట్టి లాగితే నిటారుగా సాగుతుంది. కిట్ చట్రానికి వెనకవైపు మిల్లీమీటరున్నర దూరానికి ఒకటి చొప్పున అతికించి, నల్ల రంగు వేయండి.

పునాది, నాపరాళ్లు

కడప, కర్నూలు, తాడిపత్రి ప్రాంతాల్లో నాపరాయి లేని కట్టడం అరుదు. అరుగు మీద, మెట్ల మీద, గోడ మధ్యలో, పొలం గట్టు మీద కూడా అదే కనిపిస్తుంది. ఒకటిన్నర నుంచి రెండంగుళాల మందం ఉన్న బండ మోడల్‌లో అర మిల్లీమీటరు అవుతుంది కనుక, పాత శుభలేఖల దళసరి కాగితం దీనికి సరిగ్గా కుదురుతుంది. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు బండలుగా, అంటే 7 × 5 మి.మీ. ముక్కలుగా కోయండి. కొన్నింటిని పొడవు తక్కువ చేసి, మూలలు కొద్దిగా విరిచి, అతికించకముందే విడివిడిగా రంగులు వేయండి. బూడిద, నీలిబూడిద, లేత పసుపు అనే మూడు రంగులను సిద్ధం చేసుకుని, ఒక్కొక్క బండకు వాటిని వేర్వేరు పాళ్లలో కలపండి. పరిచేటప్పుడు పక్కపక్కన ఒకే రంగు పడకుండా చూసి, సందుల్లో పల్చని ఇంకు అద్దకాన్ని కుంచె మొనతో దింపండి. బేతంచెర్ల, తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీల నుంచి గుప్పెడు ఎండిన రాతి పొడి సంపాదించగలిగితే, చివరలో దానిని సందుల్లో రుద్దండి; ఏ రంగు సీసాలోనూ దొరకని సహజమైన ఛాయ దానివల్ల వస్తుంది.

ఈ బండల అరుగు పైన మిల్లు నిలుస్తుంది. పట్టాల వైపు ఎత్తు మాత్రం వేరే లెక్క. మన రైల్వేల్లో గూడ్స్ ప్లాట్‌ఫారం పట్టాల పైభాగం నుంచి గరిష్ఠంగా 1065 మి.మీ. ఎత్తు ఉంటుంది, మోడల్‌లో అది సుమారు 12 మి.మీ. కిట్‌లోని చెక్క ప్లాట్‌ఫారం తరచుగా నాలుగడుగుల ఎత్తుకు తయారై ఉంటుంది కాబట్టి స్తంభాలను సుమారు రెండు మిల్లీమీటర్లు తగ్గించవలసి వస్తుంది. చెక్క స్తంభాలకు బదులు రాతి కట్టడంగా చూపాలంటే ముందువైపున అదే శుభలేఖ బండలను అడ్డంగా పేర్చండి.

పైకప్పు

క్రాఫ్ట్స్‌మన్ కిట్లలో తారు కాగితం గాని, చెక్క పెంకులు గాని ఉంటాయి. వాటిని పక్కన పెట్టి రేకులు తయారు చేసుకోవాలి. రెండు రకాల రేకులకూ తేడా చూపడం తప్పనిసరి. జింకు రేకు అలల మధ్య దూరం 76 మి.మీ., మోడల్‌లో 0.87, సిమెంటు రేకుకు 146 మి.మీ., మోడల్‌లో 1.68. రెండింటికీ ఒకే అల వాడితే ఎంత చక్కగా రంగు వేసినా కన్ను నమ్మదు.

ఈ అలలను హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే మరలున్న కడ్డీతో ఇంట్లోనే తీయవచ్చు. ఐదు మిల్లీమీటర్ల థ్రెడెడ్ రాడ్ మీద మరల మధ్య దూరం 0.8 మి.మీ.; పన్నెండు మిల్లీమీటర్ల రాడ్ మీద 1.75 మి.మీ. మొదటిది జింకు రేకుకు, రెండోది సిమెంటు రేకుకు చాలా దగ్గరగా సరిపోతాయి. హోటల్ నుంచి పార్శిల్ వచ్చే అల్యూమినియం డబ్బా అడుగు భాగాన్ని కోసి, చదును చేసి, పాత సైకిల్ ట్యూబు ముక్క మీద పరచండి. కడ్డీని దాని మీద గట్టిగా అదిమి ఒకే దిశలో దొర్లించండి. సమాన దూరంలో గీతలు పడతాయి. మర ఏటవాలుగా చుట్టుకుని ఉంటుంది కనుక గీతలు రెండు మూడు డిగ్రీలు వాలుగా వస్తాయి. రేకును కోసేటప్పుడు మూలమట్టాన్ని ముక్క అంచుకు కాకుండా గీతకు ఆనించి కోస్తే ఆ వాలు పూర్తిగా పోతుంది.

ఎనిమిదడుగుల రేకు 28 మి.మీ. పొడవు, సుమారు 9 మి.మీ. వెడల్పు ఉండేటట్టు కోయండి. సిమెంటు రేకు అయితే వెడల్పు 12 మి.మీ. పెట్టండి. సబ్బు నీటితో కడిగి, ఆరబెట్టి, స్ప్రే ప్రైమర్ వేశాక కింది వరుస నుంచి మొదలుపెట్టి పైకి పరచండి. పక్క రేకు మీద ఒక అల, కింది రేకు మీద రెండు మిల్లీమీటర్లు ఎక్కాలి. రేకుల కింద కలప పర్లిన్లు (రేకులను మోసే అడ్డకర్రలు) ఎక్కడ వస్తాయో ముందే పెన్సిలుతో గుర్తుపెట్టుకుని, మేకుల వరుసలను సూది మొనతో ఆ గీతల మీదనే గుచ్చండి. తుప్పు ఆ మేకుల నుంచి కిందికి కారాలి, అతుకుల అంచున చిక్కబడాలి, నడికప్పు దగ్గర పల్చబడాలి. పదిహేను ఇరవై రేకుల్లో ఒకటి రెండింటిని కొత్తవిగా, మెరిసేవిగా వదిలేయండి. గాలివానకు ఎగిరిపోయిన రేకు స్థానంలో కొత్తది వేసినట్లు తెలుస్తుంది. అల్యూమినియానికి తుప్పు రూపం తేవడానికి కొందరు ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచుతారు. ఆ చర్యలో వేడి, పొగ విపరీతంగా పుడతాయి. ఇంటి లోపల, పిల్లలు తిరిగే చోట అది చేయవద్దని నా గట్టి సలహా. ఆక్రిలిక్ రంగులతోనే ఆ రూపం సాధ్యమవుతుంది.

మిల్లుకు ఆనుకుని గుమాస్తా గది ఒకటి కట్టండి. దానికి రేకులు వద్దు, మిద్దె కావాలి. కిట్‌లో మిగిలిన పుల్లల్లో 1.5 నుంచి 1.75 మి.మీ. మందం ఉన్నవి దూలాలు అవుతాయి, అంతకంటే సన్ననివి దంతెలు అవుతాయి. వాటి మీద శుభలేఖ బండలు పరిచి, ఆ పైన వస్త్రగాలితం పట్టిన చవుడు మట్టిని ఫెవికాల్ నీళ్లలో కలిపి మూడు మిల్లీమీటర్ల మందాన మెత్తండి. నీరు ఒక మూలకు జారేటట్టు స్వల్పంగా వాలు ఉంచి, ఆ మూలన పిట్టగోడలో రంధ్రం చేసి, చిన్న గొట్టాన్ని బయటికి పొడుచుకు వచ్చేటట్టు పెట్టండి. నడుమ ఒక గవాక్షి (వెలుతురు కోసం కప్పులో వదిలే కంత) వదిలి, దాని మీద ఒక బండను సగం మూసినట్టు పెట్టండి. మట్టి ఆరేటప్పుడు సన్నగా నెర్రెలు విచ్చితే వాటిని పూడ్చకండి, నిజమైన మిద్దె కూడా వేసవిలో అలాగే విచ్చుతుంది. అరుగు మీద వసారా ఉంటే దూలాల చివర్లు గోడ బయటికి కొద్దిగా కనబడనివ్వండి. మీరు ముందే అద్దకం వేసి దాచిన కలప అందం అక్కడ వెల్లడవుతుంది.

తలుపులు, పోతలు, దీపం

పెద్ద తలుపులకు కిట్‌లోని పలకలే వాడండి. పెచ్చులూడిన రంగు కోసం, అద్దకం వేసిన తలుపు మీద వైట్ స్పిరిట్ పూసి, మెరుపు పోయేవరకు ఆగి, పైన ఆకుపచ్చ లేదా నీలం ఆక్రిలిక్ రంగును పల్చగా వేయండి. రంగు చేతికి అంటనంతగా ఆరగానే మాస్కింగ్ టేపును నొక్కి లాగితే, రంగు అక్కడక్కడ లేచివచ్చి కింద బూడిద కలప బయటపడుతుంది. ఎండ ఎక్కువ కొట్టే పడమటి తలుపుకు ఈ పని ఎక్కువగా, చూరు నీడలో ఉండే తలుపుకు తక్కువగా చేయండి.

తెల్లలోహపు పోతల్లో పీపాలను, కలప దుంగలను పక్కన పెట్టండి. పుల్లీలు, షాఫ్టు, మోటారు వాడుకోవచ్చు; అంచుల్లోని పొరను ఆకురాయితో తీసి, ప్రైమర్ వేసి, నల్లని పల్చని రంగు పోసి, ఆరాక పొడి కుంచెతో మెరకలను మాత్రమే తాకండి. గోనె బస్తాలను మీరే చేసుకోవడం మేలు. ఎపాక్సీ పుట్టీని గోరంత ముద్దలుగా చేసి, ఒకదాని మీద ఒకటి అదిమి పేర్చితే, కింది బస్తా పై బరువుకు నలిగినట్టు సహజంగా కుదురుతుంది.

లోపల దీపం పెట్టాలంటే గోడలకు లోపలివైపు ముందుగా నల్ల రంగు వేయండి, లేకపోతే పలక గుండా వెలుగు చొచ్చుకువస్తుంది. 12 వోల్టుల సరఫరాకు ఒక పసుపు ఛాయ ఎల్‌ఈడీ, దానికి వరుసలో ఒక కిలో ఓం రెసిస్టరు చాలు. సుమారు 9 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. ఎల్‌ఈడీ పాడైతే మార్చుకోవడానికి వీలుగా కప్పును గోడలకు అతికించకుండా, లోపల నాలుగు మూలల్లో పుల్లలు పెట్టి వాటి మీద కూర్చోబెట్టండి.

నేల మీద నిలపడం

నేల మట్టిని మీ ఊరి నుంచే తెచ్చుకోండి. అనంతపురం మిల్లుకు ఎర్రమట్టి, నంద్యాల, ఆదోని వైపు దృశ్యమైతే నల్లరేగడి సరిపోతుంది. పురుగులు, బూజు లేకుండా పెనం మీద బాగా వేయించి, చల్లార్చి, పలుచని బట్టతో జల్లించండి. తరువాత ఒక అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి ఆ మట్టిలో పలుమార్లు తిప్పండి. ఇనుప రేణువులు మిగిలి ఉంటే ఇంజిన్ మోటారులోని అయస్కాంతం వాటిని లాక్కుని గేర్లను పాడుచేస్తుంది. ఈ పనిని వదిలేయకండి. మట్టిని పొడిగా చల్లి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, నీళ్లు ఎక్కువ కలిపిన ఫెవికాల్‌ను చుక్కలుగా వదలండి. ఫెవికాల్‌తో తడిసిన మట్టి రంగు ఆరాక కూడా కొంత ముదురుగానే ఉండిపోతుంది కాబట్టి, ఒక అట్ట ముక్క మీద ముందుగా పరీక్షించి, అవసరమైతే కొద్దిగా తెల్ల రాతి పొడి కలుపుకోండి.

ఆరిన తరువాత అదే పొడి మట్టిని మెత్తని కుంచెతో గోడ అడుగు భాగానికి, తలుపు కింది పలకలకు, రేకుల అలల లోతుల్లోకి పల్చగా అద్దండి. వాన జల్లుకు ఎగసిన ఎర్రమట్టి జాజు పట్టెను దాటి సున్నం మీద జానెడు ఎత్తు వరకు, అంటే మోడల్‌లో రెండున్నర మిల్లీమీటర్ల దాకా చింది ఉండాలి. కళ్లం వైపు నేలను నున్నగా, గట్టిగా అణిచి చూపండి. అక్కడ ఆరబోసిన కాయలకు ఆవాలు పొడి చేసి వాడకండి, చీమలు పడతాయి. రంపపు పొట్టును జల్లించి లేత గోధుమ రంగు అద్దితే కాయల రాశి సరిగ్గా వస్తుంది.

చివరగా అతికించే ముందు దూరం సరిచూడండి. మన ప్రయాణికుల పెట్టె సుమారు 3250 మి.మీ. వెడల్పు ఉంటుంది, మోడల్‌లో 37 మి.మీ. పైచిలుకు. తిన్నని పట్టాల పక్కన ప్లాట్‌ఫారం అంచును పట్టాల మధ్య గీత నుంచి 21 మి.మీ. దూరంలో పెట్టండి. వంపు ఉంటే పెట్టె నడిమి భాగం లోపలికి, చివర్లు బయటికి జరుగుతాయి కనుక మీ దగ్గరున్న అతి పొడవైన పెట్టెకు పెన్సిలు ముక్కను టేపుతో కట్టి, చేత్తో నెమ్మదిగా తోసి, అది గీసిన గీతకు రెండు మిల్లీమీటర్లు అవతల అరుగును నిలపండి. అరుగును మాత్రమే బల్లకు అతికించండి. గోడల పెట్టె అరుగు మీద బిగుతుగా కూర్చునేటట్టు లోపల నాలుగు చిన్న దిమ్మెలు పెడితే, తరువాత దుమ్ము దులపడానికైనా, తీగ మార్చడానికైనా మిల్లును ఎత్తి బయటికి తీసి మళ్లీ అదే చోట కూర్చోబెట్టవచ్చు.